తలకిందులు కాని దీపం

పోశమ్మకు చదువు రాదు. అయినా అక్షరాలను ఆమె నిలబెట్టినంత నిటారుగా ఇంకెవరూ నిలబెట్టలేరని పటాన్‌చెరు పారిశ్రామికవాడలోని ఆ కంపెనీలో ఎవరిని అడిగినా చెప్పేవారు. ఎనభై మంది పనిచేసే చిన్న కంపెనీ అది. రోగి నరంలోకి మందును సన్నటి ధారగా, గంటకు ఇంతని లెక్కగా ఎక్కించే పంపులు అక్కడ తయారవుతాయి. ఒక్కో పంపు రెండు గిన్నెల టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. అన్ని బల్లలూ దాటి వచ్చిన పంపు చిట్టచివర కిటికీ పక్కనున్న పోశమ్మ బల్ల మీదికి చేరుతుంది. దాని ముఖం మీద ఆమె లేబుల్ అంటిస్తుంది. లేబుల్‌లో పైన కంపెనీ గుర్తయిన దీపం, దాని కింద ఇంగ్లీషులో పేరు, ఆ కింద తెలుగులో పేరు ఉంటాయి.

అంటించడంలో ఆమెది సొంత పద్ధతి. భర్త చిన్నరాములు మేస్త్రీగా ఉన్న రోజుల్లో గోడల నిలువు చూసుకున్న ఒళంబం ఇప్పుడు ఆమె బల్ల మీది మేకుకు వేలాడుతూ ఉంటుంది. దారం చివర ఇత్తడి గుండు కదలకుండా నిలిచాక, పంపును దాని వెనక పెట్టి ఒక కన్ను మూసి చూస్తుంది. దీపం జ్వాల కొస, ప్రమిద నడిమి భాగం, రెండూ ఒకే దారం వెనక దాక్కోవాలి. వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా లేబుల్ పీకి మళ్ళీ అంటిస్తుంది. తెలుగు అక్షరాలకు నెత్తిన కొప్పులుంటాయి గనుక పైదేదో కిందిదేదో తెలుస్తుందనీ, ఇంగ్లీషు అక్షరాలకు కొప్పు లేదనీ, అందుకే వాటి విషయంలో దీపాన్ని చూసి నడుచుకుంటాననీ అంటుండేది. పదకొండేళ్ళలో ఆమె చేతి మీదుగా వంకర లేబుల్ ఒక్కటీ గేటు దాటలేదు.

ఆ ఏడాది కంపెనీ కొత్త రకం పంపు తెచ్చింది. దాని వెనకనున్న కొక్కెం నాలుగు దిక్కులా తిరుగుతుంది. వార్డులో నిలువు కడ్డీకి నిటారుగా బిగించవచ్చు, స్ట్రెచర్ అంచుకు అడ్డంగా బిగించవచ్చు, అంబులెన్సు పైకప్పు కింది పైపుకు తలకిందులుగా కూడా వేలాడదీయవచ్చు. ఎలా తిప్పినా తెర మీది అంకెలు వాటంతట అవే తిరిగి నిటారుగా నిలుస్తాయి. రూపకల్పన విభాగం పెద్ద రాజశేఖర్ ఎనిమిది నెలలు కూర్చుని సాధించిన సంగతి అది. మొదటిసారి అంకెలు తిరిగిన రోజు హాలంతా చప్పట్లు కొట్టింది. అంకెలు తిరుగుతాయి సరే, వాటి పక్కనే అంటించిన దీపం ఏమవుతుందన్న ఆలోచన మాత్రం ఆ రోజు ఒక్కరికీ రాలేదు. పోశమ్మకూ రాలేదు.

సంగారెడ్డి దగ్గరి ఒక ఆసుపత్రి పన్నెండు పంపులు తీసుకుంది. నెల తిరక్కుండానే పన్నెండూ వెనక్కి వచ్చాయి. అంబులెన్సులోనే వేసుకుని తెచ్చింది హెడ్ నర్సు ధనలక్ష్మి. అట్టపెట్టెలను స్వయంగా మోసుకొచ్చి పోశమ్మ బల్ల మీద దించి, నడుము మీద చెయ్యి పెట్టుకుని రాజశేఖర్ కోసం కేకేసింది.

"పంపు పాడైందా అమ్మా?" అన్నాడు రాజశేఖర్ పరుగున వచ్చి.

"పంపు బంగారం సార్. మందు చుక్క ఎక్కువ పోలే, తక్కువ పోలే. మీ దీపంతోనే పరేషాన్." ఆమె ఒక పంపు తీసి తలకిందులుగా పట్టుకుంది. "మొన్న జిన్నారం దిక్కు నుంచి ఒక పెద్దాయనను తీస్కొస్తున్నం. పంపు పైన పైపుకున్నది, గిట్ల. ఆయన కోడలు పక్కన కూసుండి తలెత్తి సూసింది. దీపం బోర్ల వడ్డది, మంట నేల దిక్కున్నది. ఇగ సూడున్రి, మా మామ నెత్తి మీద ఆరిపోయే దీపం పెట్టిన్రు, బండి ఆపున్రి అని ఒకటే లొల్లి. ఆపిందాక ఊకోలే."

"పెద్దాయనకేమైంది?"

"మంచిగనే ఉన్నడు, ఇంటికి గూడ పోయిండు. కానీ రోడ్డు మీద ఏడు నిమిషాలు నిలవడ్డం సార్. ఇంకో పేషెంటైతే ఆ ఏడు నిమిషాలు ఎక్కడికెల్లి తెస్తం?"

"అది కంపెనీ గుర్తు మాత్రమే కదమ్మా."

"మీకు గుర్తు. ఆమెకు దీపం," అంది ధనలక్ష్మి.

రాజశేఖర్ ఆ పంపును ఆమె చేతిలోంచి తీసుకుని బల్ల మీద పెట్టాడు. ఏదో ఒకటి చేసి వారంలో పంపిస్తామని చెప్పి ఆమెను సాగనంపాడు. తప్పు ఎక్కడుందో కంపెనీ పెద్దలు పై గదిలో కూర్చుని చర్చించారు. చర్చించవలసిన అవసరం పోశమ్మకు కనబడలేదు. దీపాన్ని అక్కడ అంటించింది తన చెయ్యి. ఎవరో ముసలాయన ప్రాణం మీద భయపడి ఆడమనిషి ఏడ్చిందంటే, ఆ ఏడుపు తన బల్ల దగ్గర మొదలైంది.

ఇదే ఆలోచన శనివారం దాకా ఆమెను నమిలింది. పన్నెండు పంపులూ బల్ల మీదే ఉన్నాయి. పైకప్పుకు వేలాడదీసినప్పుడే గదా చిక్కు వచ్చింది. అయితే ముందే తలకిందులుగా అంటిస్తే, వేలాడదీసినప్పుడు సక్రమంగా ఉంటుంది. ఎవరినీ అడగలేదు. వేడిగాలి యంత్రంతో పాత లేబుళ్ళు పీకి, స్పిరిట్‌తో జిగురు తుడిచి, ఒళంబం వెనక ఒక్కొక్కటీ నిలబెట్టి, పన్నెండు దీపాలనూ బోర్లించి అంటించింది. నిటారు తప్పని చేతికి తలకిందులుగా అంటించడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. ప్రతి లేబుల్ దగ్గరా చెయ్యి ఒకసారి వెనక్కి జరిగేది. సాయంత్రానికి పెట్టెలు ఆసుపత్రికి వెళ్ళిపోయాయి.

బుధవారం ఫోను వచ్చింది. అంబులెన్సు నుంచి రోగిని దించాక పంపు కూడా అతనితోపాటే వార్డులోకి వెళుతుందనీ, అక్కడ నిలువు కడ్డీకి బిగిస్తారనీ పోశమ్మ ఎరగదు.

"ఇంతకు ముందు బండిలనే తలకిందులుండె," అంటోంది ధనలక్ష్మి గొంతు ఫోనులోంచి బల్ల దాకా వినబడేలా. "ఇప్పుడు వార్డు వార్డంతా తలకిందులైంది సార్! పదో తారీఖు లోపల సక్కగ చేసియ్యకపోతే ఇంకో కంపెనీని సూస్కుంటం."

రాజశేఖర్ ఫోను పెట్టేసి పోశమ్మ దగ్గరికి వచ్చాడు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, బీరంగూడలో కాపురం, ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగడు.

"ఎవరు చేయమన్నరు ఇట్ల?"

"ఎవరు చెప్పలే సార్. నేనే అనుకున్న. పైకెక్కితే సక్కగుంటదని."

"పైకెక్కింది కిందికి దిగదా పోశమ్మా?"

ఆమె తల వంచుకుంది. అతను అసలు సంగతి చెప్పాడు. లేబుల్ అంటించే పద్ధతే తీసేస్తున్నారు. దీపం బదులు నాలుగు వైపుల నుంచీ ఒకేలా కనబడే చక్రం గుర్తు, నాలుగు దిక్కులా రాసిన పేరు, రెండింటినీ పెట్టె అచ్చులోనే పోసేస్తారు. పదో తారీఖున అచ్చుకు ఆర్డరు వెళుతుంది. ఆ తరవాత ఈ బల్లతో పని ఉండదు.

"మరి నన్నేం చేస్తరు సార్?"

"లోడింగులో ఖాళీ ఉందంటున్నరు," అన్నాడు అతను కిటికీ వైపు చూస్తూ.

లోడింగంటే పొద్దంతా పెట్టెలు లారీకి ఎత్తడం. పోశమ్మ కుడి భుజం సిమెంటు మాల్ తట్టలు మోసే కాలంలో పరంజా మీంచి పడి చెడింది. చెయ్యి చెవి దాటి పైకి లేవదు. ఆ సంగతి రాజశేఖర్‌కు తెలుసు. అతనికి తెలుసని ఆమెకూ తెలుసు. అందుకే అతను కిటికీ వైపు చూశాడు.

పక్క బల్ల కౌసల్య అంతా విన్నది. వెలిమెలలో భూములున్న ఇంటి ఆడబిడ్డ ఆమె. ఒకప్పుడు పోశమ్మ తల్లి వాళ్ళ పొలంలోనే నాట్లు వేసింది. ఇప్పుడా పొలం స్థానంలో అపార్ట్‌మెంట్లు లేచాయి, కౌసల్య పొద్దుపోక వైర్లు అతికించే పనికి వస్తోంది. ఇద్దరివీ పక్కపక్క బల్లలు.

"ఏమే పోశమ్మా, దేవుడా అని నోర్మూసుకుని కూసోక గా పన్నెండిటిని బోర్లిచ్చుడెందుకే?"

"నీకేం పటేలమ్మా, నీ వైర్లకు తల లేదు, తోక లేదు. నా దీపానికున్నది."

"గా తెర మీద అంకెలు తిరుగుతున్నయ్ గద, దీపం గూడ దాంట్లనే పెడితే ఒడ్సిపోవు కదనే? సార్‌ను అడుగకపోయినవ్?"

"అడిగిన. పంపు బంద్ చేసినంక గూడ పేరు కనవడాలెనని ఆస్పత్రోల్లు కాయితంల రాసిన్రంట. తెర బంద్ అయితే దీపం ఎక్కడిది?"

"అయితే ఇగ ఆ దీపానికి నువ్వే చెప్పాలె, తిరుగవే తల్లీ అని," అంటూ కౌసల్య నవ్వి తన వైర్ల మీదికి వంగింది.

జిన్నారం దారిలోని తమ ఇంటికి చేరాక కూడా పోశమ్మ చెవుల్లో ఆ మాటే తిరుగుతూ ఉంది. బల్ల పోతుందేమోనని సంచిలో వేసుకొచ్చిన ఒళంబాన్ని తీసి, దారం సరిగా ఉందో లేదో చూద్దామని వరండాలో మేకుకు తగిలించింది. మోకాళ్ళు పట్టేసి అరుగు మీదనే ఉండే చిన్నరాములు దాన్ని చూసి కళ్ళు చికిలించాడు.

"ఏందే, నా గుండును ఇంటికి తెచ్చినవ్? గోడ గిట్ల వంగిందా?"

"గోడ కాదు, నా నౌకరి వంగింది," అంటూ ఆమె జరిగింది చెప్పింది. ఆయన విని, విని, గుండును వేలితో తట్టాడు. అది ఊగి ఊగి మళ్ళీ నిలిచింది.

"గోడ వంగొచ్చు, మేస్త్రీ వంగొచ్చు, నాలెక్క మోకాళ్ళే వంగకపోవచ్చు," అన్నాడు. "గిది మాత్రం ఎన్నడూ నాకు అబద్ధం చెప్పలే. ఎవలు నేర్పిన్రో దీనికి."

ఆ మాట అని ఆయన మరిచిపోయాడు. పోశమ్మ మాత్రం లేచి వంటింట్లోంచి జాలి చినిగిన పాత జల్లెడ చట్రాన్ని తెచ్చింది. దాని నడిమికి ఒక పుల్ల అడ్డంగా కట్టి, పుల్లకు గుండు దారం వేలాడదీసి, దారానికి చెడిపోయిన దీపం లేబుల్ ఒకటి అంటించింది. చట్రాన్ని రెండు చేతులా పట్టుకుని బండి చక్రంలా మెల్లగా తిప్పింది. చట్రం తిరిగింది. పుల్ల తిరిగింది. దీపం తిరగలేదు. పైనున్న అంచు కిందికి వచ్చింది, కిందిది పైకి పోయింది. దీపం మాత్రం మంటను ఆకాశానికే చూపుతూ నిలబడింది. ఆమె మళ్ళీ తిప్పింది, ఎదురు తిప్పింది. ఇంతకాలం ఈ దారం వెనక వేల దీపాలను నిలబెట్టింది తానేననుకుంది. నిలబెట్టేది వేరే ఉందనీ, తాను దాన్ని చూసి కాపీ కొడుతూ వచ్చిందనీ ఇప్పుడు తోచింది.

"ఏమయ్యా, ఇటు సూడు!" అంది.

చిన్నరాములు చూశాడు. మెడ ముందుకు చాచాడు. తరవాత, "ఇంకోపారి తిప్పు," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఇస్నాపూర్ రోడ్డు మీది పంక్చర్ దుకాణంలో, చక్రాల తూకం సరిచేయడానికి అంచుకు కొట్టే సీసం ముక్క ఒకటి అడిగి తెచ్చుకుంది. డబ్బా మూత నుంచి గుండ్రటి పలచని రేకు కత్తిరించి, నడిమి రంధ్రంలో గుండుసూది దూర్చింది. రేకు మీద దీపం లేబుల్, వెనక కింది అంచున సీసం ముక్క. పాత పంపు మూత ఒకటి తీసుకుని దాని ముఖాన సూదిని గుచ్చింది. పనివేళ మొదలుకాక ముందే రాజశేఖర్ గది తలుపు దగ్గర నిలబడింది.

అతని బల్ల మీద కాగితాలు పరుచుకుని ఉన్నాయి. దీపాన్ని తిప్పడానికి చిన్న మోటారు, దానికి బ్యాటరీ, దిక్కు కనిపెట్టే చిప్పు అన్నీ గీసి, కొట్టేసి ఉన్నాయి. పంపు ఆపగానే మోటారుకూ కరెంటు పోతుంది. ప్రతి గీతా అక్కడికే వచ్చి ఆగిపోయింది.

"ఒక్కసారి తిప్పి సూడున్రి సార్," అంటూ పోశమ్మ మూతను అతని చేతిలో పెట్టింది.

అతను అన్యమనస్కంగా తిప్పాడు. ఆగాడు. కళ్ళజోడు పైకి తోసుకుని మళ్ళీ తిప్పాడు. పక్కకు వాల్చాడు, బోర్లించాడు. దీపం ప్రతిసారీ రెండు మూడు ఊపులు ఊగి నిటారుగా నిలిచింది. దాన్ని వెల్లకిలా బల్ల మీద పడుకోబెట్టినప్పుడు మాత్రం దీపం ఎటు తిప్పితే అటే ఉండిపోయింది.

"పండవెడితే దానికి దిక్కుండదు సార్," అంది ఆమె. "నిలవెడితేనే తెలుస్తది."

రాజశేఖర్ మూతను మళ్ళీ నిలబెట్టాడు. కుర్చీలోంచి లేచాడు. భౌతికశాస్త్రంలో పట్టా పుచ్చుకున్నవాడు, ఆ పాఠాన్ని ఇతరులకు చెప్పగలిగినవాడు, ఆ క్షణంలో బడిపిల్లవాడిలా ఒక రేకు ముక్క ముందు నిలబడిపోయాడు. తనకు తెలిసిన సంగతే కొత్తగా వచ్చి ఎదుట నిలిచినట్టుంది.

"సార్, ఒకటి అడుగుతా," అంది పోశమ్మ. "దీన్ని ఇంకే ఊరికి తీస్కపోయినా గిట్లనే నిలవడతదా?"

"ఎక్కడికి తీసుకుపోయినా. భూమి నడిమి వైపుకు లాగుతుంది గదా. సీసం అటు పోతుంది, దీపం ఇటు లేస్తుంది."

"భూమి అవతలి పక్కన గూడనా?"

"అక్కడ కూడా వాళ్ళ కాళ్ళ దిక్కే సీసం, వాళ్ళ ఆకాశం దిక్కే మంట."

పోశమ్మ కాసేపు లెక్క కట్టుకుంది. "అంటే మన దీపం, ఆళ్ళ దీపం ఒక్కకాడ పెట్టి సూస్తే తలకిందులే కద సార్? మరి ఎవలది సక్కగున్నట్టు?"

"ఇద్దరిదీ," అన్నాడు రాజశేఖర్. చెప్పాక ఆ మాట తనకే చాలా పెద్దదిగా వినిపించింది.

పదో తారీఖుకు నాలుగు రోజులున్నాయి. ధనలక్ష్మికి కబురు వెళ్ళింది. మధ్యాహ్నం ఆసుపత్రి అంబులెన్సు ఖాళీగా వచ్చి గేటు ముందు ఆగింది. నడిపేది బాలప్ప, జహీరాబాద్ వైపు మనిషి. తిరిగే దీపం అమర్చిన పంపును పైకప్పు పైపుకు తలకిందులుగా బిగించి రాజశేఖర్, పోశమ్మ, ధనలక్ష్మి దాని ఎదుట కూర్చున్నారు. బండి రుద్రారం దిక్కు కదిలింది. మొదటి స్పీడు బ్రేకర్ దగ్గరే దీపం పిచ్చెత్తినట్టు కొట్టుకోవడం మొదలుపెట్టింది. అటు గిర్రున తిరిగి, ఇటు గిర్రున తిరిగి, ఒక గుంతలో ఏకంగా రెండు చుట్లు చుట్టేసింది.

"ఏందమ్మా ఇది," అంది ధనలక్ష్మి కళ్ళు మూసుకుని. "పేషెంటు కన్న ముందు నాకే కక్కొస్తున్నది."

బాలప్ప అద్దంలోంచి చూశాడు. "అరె, దీపానికి దయ్యం పట్టింది సార్! ముందలనే బోర్లున్నది నయముండె. అప్పుడు ఆరిపోయినట్టే ఉండె, ఇప్పుడు బండే అంటుకున్నట్టున్నది."

"నువ్వు గుంతలు తప్పిచ్చి నడుపన్నా," అంది పోశమ్మ.

"గుంతలు తప్పిస్తే రోడ్డే మిగలదు అక్కా."

బండి తిరిగొచ్చి గేటు దగ్గర ఆగింది. ధనలక్ష్మి దిగుతూ, "మనసు మంచిదే, కానీ గిట్లైతే ఒద్దు సార్. మీ చక్రమే పెట్టున్రి," అంది. పోశమ్మ బండి దిగింది. గుంతల కుదుపులకు భుజం సలుపుతోంది. గోడ వారగా కూర్చుని సంచిలోంచి ఆముదం సీసా తీసి, రవిక చెయ్యి పైకి లాక్కుని రుద్దుకోసాగింది. సీసా వంచితే నూనె దారంలా, తొందర లేకుండా జారుతోంది.

రాజశేఖర్ ఆ ధారను చూశాడు. ఊపును మింగాలంటే చిక్కటి ద్రవం కావాలని అతనికి పుస్తకం చెబుతూనే ఉంది. ఏ ద్రవం, ఎక్కడ తేవాలి, ఎన్నాళ్ళకు వస్తుందని అంతవరకూ ఆలోచిస్తున్నాడు.

"ఆ సీసా ఇట్లియ్యి పోశమ్మా."

"మీకు గూడ భుజం నొస్తున్నదా సార్?"

"నాకు కాదు, దీపానికి."

ఆ సాయంత్రమూ మర్నాడంతా ఇద్దరూ ఆ బల్ల దగ్గరే ఉన్నారు. రెండు పలచని పారదర్శక బిళ్ళల నడుమ రేకు దీపాన్ని ఉంచి, నిండా ఆముదం పోసి, అంచు చుట్టూ జిగురుతో మూసేశారు. మొదటి రెండూ కారిపోయాయి. మూడోదాంట్లో గాలి బుడగ ఒకటి మిగిలి దీపం పక్కన చంద్రుడిలా తేలింది. కౌసల్య అది చూసి, "చంద్రుడు గూడ మంచిగున్నడు, ఉండనియ్యున్రి," అంది. నాలుగోది నిలిచింది. తిప్పగానే దీపం ఇప్పుడు ఊగలేదు. పెట్టెతో కొంత దూరం వెళ్ళి, ఏదో గుర్తు చేసుకున్నట్టు ఆగి, పెద్దరికంగా మెల్లగా వెనుతిరిగి నిటారుగా నిలబడింది.

ఎనిమిదో తారీఖున బాలప్ప బండి నిజమైన పని మీదే వెళ్ళవలసి వచ్చింది. జిన్నారం నుంచి ఒక అవ్వను సంగారెడ్డి తీసుకుపోవాలి, ఆయాసం. పంపు మారదు, దీపం ఒక్కటే కొత్తది గనుక ధనలక్ష్మి ఒప్పుకుంది. పోశమ్మను పక్కన కూర్చోనిచ్చింది. అవ్వ కొడుకు కాళ్ళ దగ్గర కూర్చుని తల్లి పాదం పట్టుకున్నాడు. పైకప్పు కింద పంపు తలకిందులుగా వేలాడుతోంది.

బండి గుంతలో పడి లేచింది. మలుపు దగ్గర వాలింది. పోశమ్మ దీపాన్నే చూస్తోంది. మందు సీసా ఊగింది, గొట్టం ఊగింది, కొడుకు తల ఊగింది, ధనలక్ష్మి చేతి గాజులు గలగలలాడాయి. ఊగుతున్న ఆ పెట్టె నడుమ అరచేతిలో సగమంత దీపం, తన చుట్టూ లోకం కదులుతున్నా తనకు పట్టనట్టు, నిదానంగా మంట పైకెత్తుకుని ఉంది. వంతెన ఎక్కేటప్పుడు బండితోపాటు పోశమ్మ ఒళ్ళు వెనక్కి వాలింది. దీపం వాలలేదు. బండిలో ఉన్నవాళ్ళందరిలో నేల ఎక్కడుందో సరిగ్గా తెలిసినది అదొక్కటేనని ఆమెకు అనిపించింది. కొండనూ చెరువునూ ఫ్యాక్టరీల పొగ గొట్టాలనూ తన మీద నిలబెట్టుకున్న ఆ మహా బలం, గోరంత సీసం ముక్కను కూడా మరిచిపోకుండా పట్టుకుని ఉంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎందుకో ఆమెకే తెలియలేదు.

అవ్వ కళ్ళు తెరిచింది. పైకి చూసింది. ఆక్సిజన్ ముసుగులోంచి మాట రాక, మందు ఎక్కుతున్న చేతిని కదపలేక, రెండో చేతిని ఒక్కదాన్నే నుదుటికి ఆనించింది.

"దండం పెడుతున్నది," అన్నాడు కొడుకు మెల్లగా. "మా అవ్వకు భయం తగ్గింది."

ధనలక్ష్మి నాడి చూస్తూనే పోశమ్మ వైపు కళ్ళెత్తి తలూపింది. ఈసారి బండి ఎక్కడా ఆగలేదు.

అచ్చు ఆర్డరు ఆగిపోయింది. నలభై పంపులకు తిరిగే దీపాలు కావాలని ఆసుపత్రి కబురు చేసింది. ఎప్పటికీ చెడని చిక్కటి ద్రవాన్ని రాజశేఖర్ తెప్పించాడు. రేకు బిళ్ళలు కత్తిరించడానికి యంత్రం, సీసం తూచడానికి సన్నటి త్రాసు పెట్టించాడు. యంత్రం కోసింది, త్రాసు తూచింది. కొత్త పద్ధతిలో లేబుల్ అంటించే మనిషి అవసరం లేదని పై గదిలో మళ్ళీ లెక్క తేలింది. రాజశేఖర్ ఈసారి కిటికీ వైపు చూడలేదు. "నలభై తయారు కానివ్వండి, అప్పుడు చూద్దాం," అని మాత్రం పోశమ్మతో చెప్పాడు. దీపాలు నిటారుగా నిలబడ్డాయో లేదో కొలవడానికి కోణమానం ఒకటి తెచ్చి పెట్టుకున్నాడు.

నలభై పంపులూ తయారైన పూట వాటిని చక్రాల అర మీద పేర్చారు. కొన్ని నిటారుగా, కొన్ని పక్కకు, కొన్ని బోర్లా. ఎలా ఉన్నా ముఖాలన్నీ హాలు వైపే. రాజశేఖర్ అరను పట్టుకుని ఒక వైపు ఎత్తి వంచాడు. నలభై దీపాలూ అరతో కలిసి కొంచెం ఒరిగాయి. తరవాత, ఎవరో లోపలి నుంచి ఒకే మాట చెప్పినట్టు, అన్నీ కలిసి నెమ్మదిగా, చప్పుడు లేకుండా లేచి నిలబడ్డాయి. హాలులో పని ఆగిపోయింది. వైర్ల దగ్గర కౌసల్య నోటి మీద చెయ్యి వేసుకుంది. ఒరిస్సా కుర్రాళ్ళు స్క్రూలు బిగించడం ఆపి, ఒకడు తన తల పక్కకు వంచి చూసుకున్నాడు. ఇంకొకడు అది చూసి తానూ వంచాడు. అందరి తలలూ వంగాయి. దీపాలు వంగలేదు.

రాజశేఖర్ అరను కిందికి దించి కోణమానంతో ఒక్కొక్క దాన్నీ కొలవడం మొదలుపెట్టాడు. మూడో వరుస దాకా వెళ్ళాడు. "ఇంతవరకు అన్నీ సరిగ్గానే ఉన్నాయి," అన్నాడు తృప్తిగా.

పోశమ్మ బల్ల దగ్గరే నిలబడి ఒక కన్ను మూసుకుని ఉంది.

"ఐదో వరుసల, ఎడమ నుంచి రెండోది సార్," అంది. "జెర వంగింది."

అతను వెళ్ళి కొలిచాడు. ముల్లు కదిలినట్టే ఉంది, కదలనట్టే ఉంది. కళ్ళజోడు తుడుచుకుని రెండోసారి కొలిచాడు. అర డిగ్రీకి తక్కువ తేడా. త్రాసు ఒప్పుకున్న సీసమే, యంత్రం కోసిన రేకే. ఎక్కడో వెంట్రుకంత రంగు ఎక్కువ పడి ఉంటుంది.

"ఆ దూరం నుంచి ఎట్లా కనబడింది నీకు?"

"ముప్పై తొమ్మిది ఒక్కలెక్క నిలవడితే, నిలవడనిది ముందు కనవడతది గద సార్."

రాజశేఖర్ కోణమానాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. అర మీంచి ఆ పంపును రెండు చేతులా ఎత్తి, స్వయంగా మోసుకొచ్చి కిటికీ పక్క బల్ల మీద పెట్టాడు. "బయటికి పోయే ప్రతి దీపం ముందు నీ కన్ను దాటాలె," అన్నాడు. "పై గదికి నేను చెప్పుకుంటా."

పోశమ్మ పీట ముందుకు లాక్కుంది. దీపం బిళ్ళ విప్పి, ద్రవం తుడిచి, సీసం అంచున బ్లేడుతో కనబడీ కనబడనంత గీకింది. ఎత్తి చూసింది. ఇంకా చాలలేదు. మళ్ళీ గీకింది.